పక్షుల్ని చూడ్డానికి మనుషులతో పోరాదు

నేను ఒకరి మీద చాడీలు చెప్పే రకం కాదు. మా ఆవిడ ఈ మాట ఒప్పుకోదు గానీ, ఆవిడ సాక్ష్యాన్ని కాసేపు పక్కన పెట్టండి.

ఈ శీతాకాలం మా కాలనీ సంఘం వారు నెల్లూరు నుంచి నేలపట్టు పక్షుల కేంద్రానికి బస్సు మాట్లాడారు. పక్షుల సంగతి తెలిసిన గైడు కుర్రాణ్ణీ కుదిర్చారు. అతను ముందురోజే అందరి ఫోన్లకూ నియమావళి పంపాడు. ఉదయం ఐదింటికల్లా బస్సు దగ్గరుండాలి, కళ్లు జిగేల్మనే బట్టలు వద్దు, చెరువు గట్టు మీద గట్టిగా మాట్లాడొద్దు, తినుబండారాలు బస్సులోనే ఉంచాలి. దాని కింద అందరూ బొటనవేళ్లు చూపించారు. నా మొదటి అభియోగం ఆ బొటనవేళ్ల మీదే.

ఐదింటికి బస్సు దగ్గరున్నది నేనూ, డ్రైవరూ, ఓ వీధికుక్కా. "వచ్చేశాం సార్, లిఫ్టులో ఉన్నాం" అన్న పెద్దమనిషి గొంతు వెనకాల బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు. చెప్పిన టైముకు వచ్చినవాడికి చలిలో నిలబడే శిక్ష, రానివాడికి కిటికీ పక్క సీటు! బస్సు ఆరుంబావుకు కదిలింది. అందరికంటే ఆఖర్న ఎక్కినాయన నా వంక చూసి, "ఇంకాస్త ముందు బయల్దేరాల్సింది మాస్టారూ, ఎండెక్కితే ఏం చూస్తాం?" అన్నాడు.

గైడు పాపం దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. నేలపట్టు 1976 నుంచి అభయారణ్యం. అక్కడి చెరువు నీళ్లలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి. వానలు పడ్డాక గూడబాతులు వచ్చి వాటి మీద గూళ్లు కట్టుకుంటాయి. గుడ్లు పొదగడానికి నెల పడుతుంది. మన గోలకు తల్లి బెదిరి లేచిందంటే గుడ్డుకు కాపలా ఉండదు. కాకి కాచుకునే ఉంటుంది. బొచ్చయినా రాని పిల్లకు తల్లి రెక్కే గొడుగు. అది లేస్తే పిల్ల ఎండకు మాడిపోతుంది. మాట్లాడొద్దన్నది అందుకు, తన చెవులు నొప్పిపుట్టి కాదు.

"మేమెందుకు మాట్లాడతాం బాబూ!" అని హామీ ఇచ్చిన మూడో వీధి మేడంగారు, వాచ్‌టవర్ ఎక్కీ ఎక్కగానే చెల్లెలికి వీడియో కాల్ చేశారు. "ఇదిగోనే పెలికాన్! కనిపించిందా? అబ్బా, అది కాదే, అది మీ బావగారు!" చెరువు అవతలి గట్టుకు కూడా వినిపించి ఉంటుంది.

ఆవిణ్ణి క్షమించొచ్చు. లిఫ్టాయన్ని మాత్రం క్షమించలేను. గూడబాతు కూర్చుని ఉంటే ఫోటో చప్పగా ఉందట, ఎగిరితే బాగుంటుందట. చెట్టుకేసి చప్పట్లు కొట్టాడు. గైడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "డబ్బులు కట్టాం కదయ్యా" అన్నాడీయన. ఎవరికి కట్టారండీ? గూడబాతు ఖాతాలో ఏమైనా వేశారా? అది చేపలు తెచ్చుకుని పిల్లల్ని సాక్కుంటోంది. మన వినోదానికి అది ఒప్పుకున్న పని ఏదీ లేదు. గైడు ఒప్పుకున్నది చూపిస్తానని, ఆడిస్తానని కాదు.

ఇంకో యువకుడు ఫోన్లో పక్షి కూత పెట్టాడు. ఆ కూత విన్న పక్షి, తన చోటులోకి ఎవడో పోటీగాడు జొరబడ్డాడనుకుని, మేతా గూడూ వదిలేసి కొట్లాటకు వస్తుందట. మన ఇంటి గుమ్మం ముందు ఎవడో మన గొంతుతోనే అరుస్తుంటే మనం మాత్రం అన్నం తినగలమా? గైడు నవ్వుతూనే ఫోను ఆపించాడు. ఆ ఓర్పుకు అతనికి విడిగా ఇంకో జీతం ఇవ్వాలి. పొద్దుట్నించీ అందరూ "ఏమోయ్", "ఇదిగో గైడూ" అనడమే తప్ప పేరడిగిన మహానుభావుడు లేడు.

పక్షి రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు పారితే ఎరువుగా పనికొస్తుందని, ఊరివాళ్లకు ఈ పక్షులంటే అందుకే అభిమానమని అతను చెబుతుండగా మావాళ్లు ముక్కులు మూసుకున్నారు. నియమావళిలో వద్దన్న పులిహోర సరిగ్గా అప్పుడే గట్టు మీద ప్రత్యక్షమైంది. విస్తరాకులు తిరిగి బస్సెక్కలేదు. ఏరుకొచ్చింది గైడూ నేనూ.

మధ్యాహ్నం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే దారిలో పులికాట్ సరస్సు దగ్గర ఆగాం. మోకాలి లోతు నీళ్లలో ఫ్లెమింగోలు తల కిందికి వంచి మేస్తున్నాయి. లిఫ్టాయన డ్రైవరు భుజం తట్టి, "ఒక్కసారి గట్టిగా హారన్ కొట్టవోయ్" అన్నాడు.

"హారన్ పాడైంది సార్" అన్నాడు డ్రైవరు. పొద్దున ఇదే హారన్‌తో అతను కాలనీ మొత్తాన్ని లేపాడు.

వచ్చే నెల తలకోన అట. నిన్న సంఘం మీటింగులో ప్రయాణాలకు క్రమశిక్షణ కమిటీ ఒకటి వేసి, లిఫ్టాయన్ని ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారు. నన్ను పులిహోర కమిటీలో వేశారు.