పోగుకు గంజి, మనిషికి కెఫీన్

బడులకు 500 మీటర్ల లోపు అధిక కెఫీన్ ఎనర్జీ డ్రింకులు అమ్మనివ్వబోమని 2024 జులైలో మహారాష్ట్ర మంత్రి శాసన మండలిలో సెలవిచ్చారు. సంతోషం. భివండిలో సాంచాకూ (మరమగ్గానికీ), ఆ డ్రింకులమ్మే పాన్‌డబ్బాకూ మధ్య దూరం కొలవడానికి టేపెందుకు, చెయ్యి చాపితే చాలు! రోజుకు 500 మిల్లీలీటర్లు మించొద్దని సీసా మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. 12 గంటల రాత్రి షిఫ్టుకు ఎంత మించాలో మాత్రం ఎక్కడా రాయలేదు పాపం. అక్కడి మన పద్మశాలీల పద్మానగర్‌లో వింత చూడండి: తెగకూడదని పడుగుకేమో పిండి గంజి, నడిపే మనిషికేమో చక్కెర, రంగు, కెఫీన్. పోనీ, ఉప్పేసిన మజ్జిగో అంబలో ఇప్పించండి సేటూ అంటే... తాగి హాయిగా నిద్రపోతారని ఆయన బెంగ!