రేట్ ఇంటూ 60

బీటెక్ మూడో ఏట కంపైలర్ డిజైన్ అనే గండం ఒకటుంటుంది. దాని అసలు పుస్తకం అట్టమీద డ్రాగన్ బొమ్మ ఉంటుంది కనుక లోకమంతా డ్రాగన్ బుక్ అంటుంది. రాసినవాళ్లలో ఆహో, ఉల్‌మన్ ఇద్దరికీ 2020 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు కూడా వచ్చింది. మన పిల్లలకు ఆ డ్రాగన్ దర్శనభాగ్యం ఉండదు. కాలేజీ గేటు పక్క జిరాక్సు షాపులో తోక ముక్క దొరుకుతుంది, పరీక్షకు అది చాలు.

ఆ తోకలోనే ఉంటుంది మహామంత్రం: పొజిషన్ ఈక్వల్ టు ఇనీషియల్ ప్లస్ రేట్ ఇంటూ 60. కంపైలర్ దశలు వివరించడానికి పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ. 1986 ఎడిషన్‌లోనూ అదే, 2006 ఎడిషన్‌లోనూ అదే, మొన్నటి సెమిస్టరు జవాబు పత్రాల్లోనూ అదే. కందిపప్పు పెరిగింది, హాస్టల్ ఫీజు పెరిగింది, ఈ అరవై మాత్రం అరవైగానే ఉంది. డెబ్బై వేసి చూద్దామన్న ధైర్యం ఎవరికీ లేదు. మార్కులు పోతే ఎవడిస్తాడు?

ఇక ల్యాబు. ఐబీఎం 1957లో తెచ్చిన తొలి ఫోర్‌ట్రాన్ కంపైలర్‌కు పట్టిన శ్రమ, ఒక్కడే కూర్చుని చేస్తే 18 ఏళ్ల పని. పాపం, వాళ్లకు సీఆర్, అదే క్లాస్ రిప్రజెంటేటివ్, లేడు. మనకున్నాడు. రికార్డు సబ్మిషన్ ముందురాత్రి వాట్సాప్‌లో పీడీఎఫ్ పడేస్తాడు, తెల్లారేసరికి క్లాసు క్లాసంతా కంపైలర్లు కట్టేస్తుంది. వేరియబుల్ పేర్లు అవే, కామెంట్లో స్పెల్లింగ్ తప్పూ అదే. కుడి పేజీలో పెన్నుతో ప్రోగ్రాము, ఎడమ పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్. ప్రోగ్రాము ఇంకా రన్ చేయలేదు కదా అంటారా? చేతిలో పెన్సిల్ ఉండగా రన్ చేయడం దేనికండీ! మార్జిన్ వంకరపోతే మాత్రం సార్ ఊరుకోరు.

థియరీలో పెద్ద ప్రశ్న ఎల్ఏఎల్ఆర్ పార్సింగ్ టేబుల్. స్కేలు పెట్టి గళ్లు గీసి నింపాలి. ఆ టేబుళ్లు మనుషులు నింపకూడదనే 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో యాక్ అనే పరికరం చేశారు. 2006లో జీసీసీ వాళ్లయితే సీ భాషకు ఆ టేబుళ్ల దారే వదిలేసి, చేత్తో రాసిన రికర్సివ్ డిసెంట్ పార్సర్‌కు మారారు. ఆ రికర్సివ్ డిసెంట్ మన దగ్గర షార్ట్ నోట్, అదీ ఛాయిస్‌లో వదిలేసేది.

సిలబస్‌లో ఒక్కటి మాత్రం జీవితానికి పనికొస్తుంది: ప్యానిక్ మోడ్ రికవరీ. తప్పు తగలగానే పార్సర్ కంగారుపడదు, సెమీకోలన్ లాంటి గుర్తు కనబడేదాకా వచ్చిందల్లా పారేస్తూ పోతుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో జరిగేదీ అదే. ముందు పేపర్ల కట్ట, పక్కన చల్లారుతున్న టీ. సార్ కన్ను బాక్సులో గీసిన బొమ్మ దగ్గర ఆగుతుంది, లేదా కింద రెండు గీతలు కొట్టిన హెడింగ్ దగ్గర. మధ్యలో పిల్లాడు ప్రేమకథ రాసినా సింటాక్స్ ఎర్రర్ రాదు. సెమీకోలన్ మరిచాడని ఆ పిల్లాణ్ణి ఏడాది పొడుగునా కాల్చుకుతిన్న అసలు కంపైలర్‌కు ఈ పెద్దమనసు ఎక్కడిది?

ఫెయిలైనా దిగులక్కర్లేదు, రీవాల్యుయేషన్ ఉంది. అక్షరం మార్చకుండా అదే ప్రోగ్రామును ఎన్నిసార్లు కంపైల్ చేసినా అదే ఫలితం రావాలని డ్రాగన్ బుక్ చదివినవాళ్ల నమ్మకం. ఇక్కడ అదే జవాబు పత్రం, అదే చేతిరాత, ఫీజు కట్టిన చలానా ఒక్కటే కొత్తది. ఎఫ్ కాస్తా బి అయి కూర్చుంటుంది. అలా బి వచ్చిన కుర్రాడొకడు సంతోషంతో వెళ్లి డేటాబేస్ పేపరుకు కూడా కట్టేశాడు.