మునిగిన నగరానికి పురవర్ణన

స్మార్ట్ సిటీ మీద పరిశోధన పత్రం రాయడం ప్రబంధం రాయడం కన్నా తేలిక. ప్రబంధానికి ఛందస్సు తెలియాలి. మిగతా సరంజామా రెండింటికీ ఒకటే.

మొదట ఇష్టదేవతాస్తుతి. 1987 నాటి బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదికకు దండం పెట్టనిదే సుస్థిరాభివృద్ధి పత్రం ఏదీ కదలదు. తర్వాత పూర్వకవిస్తుతి. వియన్నాలో రుడాల్ఫ్ గిఫింగర్ బృందం 2007లో 70 మధ్యతరహా ఐరోపా నగరాలకు ర్యాంకులిచ్చింది. అందుకోసం వాళ్లు ఎంచుకున్న ఆరు అంశాలు ఆర్థికం, ప్రజలు, పాలన, రవాణా, పర్యావరణం, జీవనం. హన్మకొండ నాలా గురించి రాయాలన్నా ముందు వియన్నా వెళ్లి రావాల్సిందే. ఆపైన కుకవినింద. దాన్నిప్పుడు రీసెర్చ్ గ్యాప్ అంటున్నారు: మా కన్నా ముందు రాసినవాళ్లెవరూ ఈ కోణంలో చూడలేదు. తర్వాత పురవర్ణన, చివర ఫలశ్రుతి. ఫలశ్రుతిని పాలసీ సిఫార్సులు అంటారు. ఫలం మాత్రం రాసినాయన ప్రమోషన్ ఫైల్లోకి పోతుంది.

ఇక పురవర్ణన. వరంగల్‌నే తీసుకుందాం. స్మార్ట్ సిటీస్ మిషన్‌ను కేంద్రం 2015 జూన్ 25న మొదలుపెట్టింది. దేశం మొత్తమ్మీద వంద నగరాలు, కేంద్రం వాటా 48 వేల కోట్లు. నగరాల మధ్య పోటీ పెట్టారు. 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20లో వరంగల్‌కు చోటు దక్కలేదు. అదే ఏడాది మే నెలలో ఫాస్ట్ ట్రాక్ కింద 13 నగరాలను తీసుకుంటే అందులో పేరొచ్చింది. మునిసిపాలిటీ చేతగానిది కాబట్టి కంపెనీ పెట్టాలన్నారు. కార్పొరేషన్ ఉండగా దాని పక్కనే ఇంకో కార్పొరేషన్ లిమిటెడ్ వెలిసింది. ఓట్లేసి గెలిపించుకున్న కార్పొరేటర్ గారిని కాలనీవాళ్లు మోరీ గురించి అడిగితే, అది స్మార్ట్ సిటీ కింద ఉందమ్మా అని చెప్పి తప్పుకునే వెసులుబాటు కూడా దాంతోపాటే దొరికింది.

ఈ ఊరికి చెరువులెట్లా కట్టాలో ఎవరూ నేర్పాల్సిన పని లేదు. రామప్ప, పాకాల, లక్నవరం కాకతీయుల కాలం నాటివి. ఈ నేల మీద గొలుసుకట్టు లెక్క తేలికైనది: పై చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, ఆ నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకు పోతాయి, అది నిండితే దాని కిందిదానికి. తూము దగ్గర నీరటికాడు ఉండేవాడు. ఏ వాన ఎంతసేపు పడితే ఏ మత్తడి ఎప్పుడు పారుతుందో అతనికి కంఠతా. నడుం లోతు నీళ్లలో దిగి తూము గొండెం మీద చెయ్యి వేసి, నీటి ఉరవడిని అరచేత్తో పట్టి చూసేవాడు. జీతమంటారా, కల్లంలో ఇంత గింజ. ఇతని మీద ఎవరైనా సిద్ధాంత గ్రంథం రాస్తే మాత్రం ‘స్థానిక జ్ఞాన వ్యవస్థలు’ అని ఓ అధ్యాయం కేటాయిస్తారు. నౌకరీ కేటాయించరు.

నౌకరీ వేరే చోట ఉంది. వంద స్మార్ట్ నగరాల్లోనూ ఇంటిగ్రేటెడ్ కమాండ్ కంట్రోల్ సెంటర్లు వెలిశాయి. ఏసీ గది, గోడ నిండా తెరలు, తిరిగే కుర్చీలు. మంత్రి గారొస్తే ఫొటో దిగడానికి నగరంలో అంతకన్నా మంచి చోటు లేదు. నాలాలో నీళ్లెంత వచ్చాయో అక్కడి నుంచే చూడొచ్చట. చూడటంలో అనుమానమేమీ లేదు. 2020 ఆగస్టు నడుమ వానలకు నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ కాలనీలు మునిగితే దేశమంతా టీవీల్లో చూసింది. నీరటికాడికీ ఈ గదికీ తేడా అక్కడే ఉంది. అతను తూము తెరిచేవాడు. ఇది కిటికీ తెరుస్తుంది, కంప్యూటర్‌లో.

ఆ వరద తగ్గిన రెండు వారాలకు, ఆగస్టు 31న, రాష్ట్ర ప్రభుత్వం 131వ నంబరు జీవో ఇచ్చింది. నాలాల వెడల్పు గురించి అనుకునేరు! అది ఎల్‌ఆర్‌ఎస్, అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం. నీళ్లు నిలిచే చెరువు శిఖంలోని ప్లాట్లకు ఇది వర్తించదని అందులోనే రాసి ఉంది. రాయడంలో మనకెప్పుడూ లోటు లేదు. పది హెక్టార్లు దాటిన చెరువు చుట్టూ 30 మీటర్ల దాకా ఏదీ కట్టకూడదని 2012 నాటి 168వ జీవోలో కూడా రాసే ఉంది. జీవో చదవడం రాని చెరువే ఏటా వచ్చి తన హద్దు తాను కొలుచుకుని పోతోంది.

ఇంతకీ ఈ నగరం ఏ ప్లాన్ ప్రకారం పెరిగిందంటారా? పాత మాస్టర్ ప్లాన్ 1970ల నాటిది. 2041 దాకా చూసే కొత్తదానికి సర్కారు ఆమోదం దక్కింది 2024 నవంబర్లో. నడుమ యాభై ఏళ్లు నగరం తన దారిన తాను పెరిగింది. ప్లాన్ లేకుండానే స్మార్ట్ అయిన నగరం అన్నమాట. ఇదొక ప్రపంచ రికార్డు కావచ్చు, వియన్నావాళ్ల ఆరు అంశాల్లో దీనికి గడి లేదు గానీ.

భద్రకాళి చెరువు కట్టను ముచ్చటగా తీర్చిదిద్దారు. నడక దారి, దీపాలు, కూర్చోవడానికి బల్లలు. సాయంత్రం పూట అక్కడికి పోతే ఎవరికైనా హాయిగానే ఉంటుంది, కాదనను. 2023 జులై 29న అదే చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వను పొమ్మన్న కవి పేరున్న పేట అది. మన కన్సల్టెన్సీ నివేదికలన్నీ నరాంకితాలే. కృతిభర్త ఎవరో అట్ట మీదే లోగో వేసి ఉంటుంది.

సుస్థిరత మాటకొస్తే మన దగ్గర సర్క్యులర్ ఎకానమీ ఎప్పటి నుంచో ఉంది. ఎండాకాలం చివర్లో జేసీబీతో నాలాలో పూడిక తీస్తారు. ఆ నల్లటి బురదను, ప్లాస్టిక్ కవర్లను, చిరిగిన పరుపును, కొబ్బరి బోండాలను నాలా గట్టునే కుప్ప పోస్తారు. బిల్లు పాసవుతుంది. తొలి వాన పడగానే కుప్పంతా కరిగి భద్రంగా నాలాలోకి చేరుకుంటుంది. మళ్లీ ఎండాకాలం, మళ్లీ టెండరు. ముడిసరుకు ఎక్కడా వృథా పోదు.

ఈ జబ్బు వరంగల్‌ది మాత్రమే కాదు. 2018లో కేంద్రం 111 నగరాలకు జీవన సౌలభ్య సూచీ ప్రకటిస్తే విజయవాడకు తొమ్మిదో ర్యాంకు వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ జనం రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. 2020 సూచీలో పది లక్షలు దాటిన నగరాల్లో బెంగళూరు మొదటిది. 2022 సెప్టెంబరులో అక్కడి ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. ట్రాక్టర్ ప్రయాణాన్ని సుస్థిర రవాణా కింద లెక్కేశారో లేదో! ఆ 2020 సూచీలో జనాభిప్రాయ సర్వే కూడా ఉంది. మేడ మీద నిలబడి పాలప్యాకెట్ల పడవ కోసం చూస్తున్న మనిషిని, వరదనీటి పారుదలపై మీ సంతృప్తికి ఒకటి నుంచి ఐదులోపు ఎన్ని మార్కులేస్తారని అడగాలి. ఆయన ఇచ్చే జవాబు గూగుల్ ఫామ్‌లో పట్టదు.

విదేశాలూ తక్కువ తినలేదు. అబుదాబీలో మస్దర్ నగరాన్ని 2006లో తలపెట్టినప్పుడు పదేళ్లలో కర్బన రహిత నగరం సిద్ధమన్నారు. ఆ గడువు 2030కి జరిగింది. టొరంటో రేవు ఒడ్డున గూగుల్ తోబుట్టువు కంపెనీ 2017లో మొదలుపెట్టిన నగర ప్రయోగం 2020 మే నెలలో మూతపడింది. ఇటుక పేర్చకముందే వీటి మీద రాసిన పత్రాలకు లెక్కలేదు. వాటిని ఉటంకిస్తూ మనవాళ్లు రాసినవి ఇంకో దొంతర.

పనికొచ్చే పరిశోధనలు లేవని కాదు. ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని ఏ చెరువు ఎన్ని ఎకరాలు కుంచించుకుపోయిందో ఓపిగ్గా లెక్కగట్టే పిల్లలున్నారు. రెవెన్యూ పటం పక్కన పెట్టుకుని, పారే నీళ్ల దారి ఏ కాలనీ కింద పోతోందో గీత గీసి చూపిస్తారు. అంతదాకా బంగారం. తీరా అసలు చోటికొచ్చేసరికి వాక్యం నసుగుతుంది: ‘జలవనరులు ఆక్రమణలకు గురయ్యాయి.’ అవే వెళ్లి గురయ్యాయి, పాపం. లేఅవుట్ వేసిందెవరు, దానికి అనుమతి ఇచ్చిందెవరు, కరెంటు మీటరు బిగించిందెవరు, ఇంటి నంబరిచ్చి పన్ను కట్టించుకున్నదెవరు? ఇవి పరిశోధన పరిధిలోకి రావు. గైడు గారు వద్దంటారు. గైడు గారి విశ్వవిద్యాలయానికీ తన భూముల సంగతి ఒకటి ఉంటుంది కదా. చివరికి తప్పంతా వాతావరణ మార్పు మీదికి పోతుంది. పరువునష్టం దావా వెయ్యలేని నిందితుడు అది ఒక్కటే మరి.

స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చి 31న ముగిసింది. ఎనిమిది వేల పైచిలుకు ప్రాజెక్టులు, 1.6 లక్షల కోట్ల పైన లెక్క. అదే ఏడాది అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చి హన్మకొండ, వరంగల్ కాలనీలను మళ్లీ ముంచింది. కెమెరాలు ఈసారీ చూశాయి. కేంద్రం నిధులు ఆగాక ఆ తెరలకు, సర్వర్లకు నిర్వహణ ఖర్చు ఎవరు భరించాలన్న బెంగ ఇప్పుడు నగరపాలికలది.

తెరలెట్లాగూ కొన్నారు కనుక వాటికో పని చెబుదాం. కమాండ్ సెంటర్‌లోని అన్నింటికన్నా పెద్ద తెర మీద ఒక పట్టిక వెయ్యండి. చెరువు పేరు, శిఖం సర్వే నంబర్లు, అందులో లేచిన కట్టడాలు, ఒక్కోదానికి అనుమతి ఇచ్చిన తేదీ, సంతకం పెట్టిన అధికారి హోదా, ఆనాటి పాలకవర్గం, తొలిసారి పన్ను వసూలు చేసిన ఏడాది. దీనికి సెన్సర్లు అక్కర్లేదు, డ్రోన్ ఎగరెయ్యనక్కర్లేదు, వియన్నా పోనక్కర్లేదు. కాగితాలన్నీ కార్పొరేషన్, రెవెన్యూ ఆఫీసుల బీరువాల్లోనే ఉన్నాయి. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో అటెండర్‌ను అడిగితే చెబుతాడు.