పిలకాయ వైద్యం వద్దంటే: పెద్దలకు కొన్ని చిట్కాలు

ఉదయగిరి మెట్టలో గానీ, ఆత్మకూరు చుట్టుపక్కల గానీ పదిహేనేళ్ల పిల్లను ఏ విషయంలోనూ అడిగే అలవాటు మనకు లేదు. ఏ కాలేజీ, ఏ గ్రూపు, ఏ సంబంధం, అన్నీ పెద్దవాళ్లే చూసుకుంటారు. ఒక్కచోట మాత్రం పిల్ల మాటకు విలువివ్వడం నేర్చుకోండి. ఖర్చయ్యే వైద్యాన్ని ఆమె వద్దంటే, ఆ క్షణం నుంచి ఆమె స్వతంత్రురాలు.

షుగరునే తీసుకుందాం. పిలకాయలకు వచ్చే రకం, టైప్ వన్. దీనికి మాత్రలతో పని కాదు, రోజూ ఇన్సులిన్ సూదులు పడాల్సిందే. మానేస్తే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. 1922 జనవరిలో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ ఎక్కించింది కూడా 14 ఏళ్ల పిల్లవాడికే. అంతకుముందు ఈ జబ్బు పిల్లలకు డాక్టర్లు చేసిన వైద్యం, కడుపు మాడ్చి నాలుగు రోజులు ఎక్కువ బతికించడం.

మీ పిల్ల దసరా సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చి "నేనింక సూదులు వేసుకోనమ్మా" అందనుకోండి. ఎందుకని మాత్రం అడక్కండి. అడిగారా, చెప్పేస్తుంది. ఇరవైమంది పడుకునే గదిలో జాకెట్టు పైకెత్తి పొట్టమీద పొడుచుకోవాలని, పక్కమంచం పిల్లలు 'సూదుల సుబ్బమ్మ' అని పేరు పెట్టారని, మందు సీసా ఉండే ఫ్రిజ్ వార్డెన్ గదిలో ఉందని, ఆ గదికి ఎప్పుడూ తాళమేనని. ఇదంతా విన్నాక మీరు ఊరుకోలేరు. ఒకరోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి హాస్టలుకు పోయి, తాళంచెవి గురించి వార్డెనమ్మతో మాట్లాడాలి. అంత తిప్పలెందుకు? "పిల్లే వద్దంది" అంటే సరిపోతుంది. పైగా సూదులు వేసుకునే పిల్లకు సంబంధాలు రావని మేనత్త ఎటూ గుర్తుచేస్తూనే ఉంది.

ఊరందరికీ న్యాయంగా కనిపించాలి కాబట్టి పిల్లను ఒకసారి అడగండి. అడగడానికి మంచి వేళ ఒకటుంది. కడుపునొప్పి, వాంతులు మొదలై, ఎగశ్వాస పెట్టి, నోట్లోంచి మాగిన పండు వాసన వస్తున్నప్పుడు. ఆత్మకూరులో ఆసుపత్రి గుమ్మం ముందు, బంధువులంతా చుట్టూ మూగి ఉండగా, "నెల్లూరు పెద్దాసుపత్రికి పోదామా, ఇంటికి పోదామా తల్లీ?" అనండి. మగతలో ఉన్న బిడ్డ తల అడ్డంగా ఊపితే అది ఆమె నిర్ణయం. నిలువుగా ఊపితే సరిగా వినపడలేదేమో, మళ్లీ అడగండి. నర్సమ్మ పిల్లతో విడిగా మాట్లాడతానంటే మధ్యలో కుర్చీ వేసుకుని మీరే కూర్చోండి.

ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోవడం తప్పేం కాదు. చాలామంది డాక్టరుకు చూపించుకుంటూనే పోతారు. మీరు ఆ 'చూపించుకుంటూనే' అన్న ముక్క వదిలేయండి.

చట్టం కూడా తెలిసుండాలి, సగమైతే మేలు. భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్ ప్రకారం మామూలుగా 12 ఏళ్లలోపు బిడ్డ ఒప్పుకోలు చెల్లదు. అంటే 12 దాటిన పిల్ల వద్దనడం చెల్లినట్టేనని మీరు వాదించండి. ఒప్పుకోవడానికీ వద్దనడానికీ తేడా ఎవరు చూడొచ్చారు? డాక్టరు అడ్డుపడి, 18 నిండేదాకా సంతకం అమ్మానాన్నలదే కదా అంటే, "ఔను, మాదే" అని పెన్ను తీసుకుని 'మా ఇష్టంతోనే తీసుకుపోతున్నాం' అన్న కాగితం మీద సంతకం పెట్టేయండి. ఎవరైనా ఇంగ్లండు సంగతెత్తితే 1985 నాటి గిలిక్ తీర్పు చెప్పండి: బాగా అర్థం చేసుకోగల పిల్ల, 16 నిండకపోయినా, వైద్యానికి తానే ఒప్పుకోవచ్చు. 1992 దాకా మాత్రం పోవద్దు. తిండి మానేసి చిక్కిపోతున్న 16 ఏళ్ల అమ్మాయి వద్దు మొర్రో అంటున్నా వైద్యం చేయొచ్చని అక్కడి అప్పీలు కోర్టు ఆ ఏడు తేల్చింది. కావాలంటే ఒప్పుకునే హక్కుంది గానీ, ప్రాణం పోతుంటే వద్దనే హక్కు అంత గట్టిది కాదని దాని సారం. మనకు పనికిరాని తీర్పు.

2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ అసలు చదవకండి. చేతిలో ఉన్న బిడ్డను కావాలని నిర్లక్ష్యం చేసి బాధపెడితే మూడేళ్ల దాకా జైలంటుంది. శిశు సంక్షేమ కమిటీ వాళ్లు నెల్లూరు నుంచి వస్తే, పిల్ల సీతారాంపురంలో అమ్మమ్మ దగ్గరుందని చెప్పండి.

ఇక ఆఖరుది. పిల్ల వైద్యం వద్దనకుండా, కావాలంటే? అప్పుడు ఆమె చిన్నపిల్ల, ఆమెకేం తెలుసు? 2017 మేలో విజయవాడలో కేన్సరుతో పోయిన 13 ఏళ్ల అమ్మాయి, నాకు వైద్యం చేయించు నాన్నా అని వేడుకుంటూ వీడియో తీసుకుంది. ఆమె పోయాక దేశమంతా ఆ వీడియో చూసింది. వ్యవహారం మానవ హక్కుల కమిషన్ దాకా పోయింది. కాబట్టి జబ్బు పిల్ల చేతికి ఫోన్ అందనివ్వకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయడానికి దాంట్లో బ్యాలెన్స్ కూడా అక్కర్లేదు.