జాప్యసంజీవని: ‘ఐదే ఐదు నిమిషాలు’కు టీకా తాత్పర్యం

అవతారిక

మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాశాడు. భారవికి ‘ఘంటాపథం’, మాఘుడికి ‘సర్వంకష’ సమకూర్చాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్న పండితుడు. ఆయన సొంతూరని చెప్పే మెదక్ జిల్లా కొల్చారం హైదరాబాదుకు అంత దూరమేమీ కాదు. అయినా ఈ మహానగరంలో పూటకు లక్ష గొంతులు పలికే ఒక మహావాక్యానికి మాత్రం నేటిదాకా వ్యాఖ్యానం లేదు. ఆ కొరత తీర్చడానికే ఈ ప్రయత్నం. (లక్ష అన్నది లెక్క కాదు. అదేమిటో కింద తేలుతుంది.)

సందర్భం: బావగారు రైలు దిగి సికింద్రాబాద్ స్టేషన్ బయట నిలబడ్డారు. రెండు చేతులకూ రెండు సంచులు, చంకలో ఆవకాయ జాడీ. తీసుకెళ్లడానికి రావలసిన బావమరిది కేపీహెచ్‌బీ కాలనీలో, నోట్లో బ్రష్షుతో ఉన్నాడు. ఫోను మోగింది. “ఏరా, ఎక్కడున్నావ్?” అన్న ప్రశ్నకు సమాధానంగా ఈ వాక్యం అవతరించింది.

మూలం

“వచ్చేశా బావా! దారిలోనే ఉన్నా. ఐదే ఐదు నిమిషాలు!”

ప్రతిపదార్థం

బావా = ఓ అక్క మొగుడా; వచ్చేశా = మనసు చేత నీ దగ్గరికి చేరుకున్నాను; దారిలోనే = పెరటి కుళాయి నుంచి స్నానాలగదికి పోయే దారిలోనే; ఉన్నా = నిలబడి ఉన్నాను; ఐదే ఐదు = నేను చెప్పగలిగినన్ని, నువ్వు ఓర్చుకోగలిగినన్ని; నిమిషాలు = కాలఖండాలు. ఇత్యర్థః.

వ్యాకరణ విశేషాలు

రాబోయే పనికి భూతకాలమేమిటని విద్యార్థులు అడగవచ్చు. దీనికి పాణిని అనుమతి ఉంది. ఆశ పెట్టుకున్న చోట భవిష్యత్తును భూతకాలంలోనూ చెప్పవచ్చని అష్టాధ్యాయి మూడో అధ్యాయం మూడో పాదంలో 132వ సూత్రం. వానే గనక పడితే పంట చేతికొచ్చినట్టే అనే రైతు మాట ఈ కోవలోదే. బావమరిదికీ రావాలనే ఆశ ఉంది కనుక ప్రయోగం సాధువు. పైగా ‘వచ్చి వేశాను’లోని ‘వేయు’ పని పూర్తయిందని నొక్కి చెబుతుంది. ఇంకా మొదలే కాని పనికి అంత పరిపూర్తి అబ్బడం ఈ భాషలోని సొగసు.

‘ఐదే’లోని ఏకారం అవధారణార్థకం, అంటే ఆరు కాదని. ‘ఐదే ఐదు’ అన్న ద్విరుక్తి విషయంలో మతభేదాలున్నాయి. ఐదూ ఐదూ కలిపి పది అని సంకలనవాదులు. ఐదైదులు ఇరవై ఐదని గుణకారవాదులు. అనుభవం రెండో పక్షానికే దగ్గరగా ఉన్నా, అదీ తక్కువే.

శంక – సమాధానం

శంక: ఇది పచ్చి అబద్ధం కాదా?

కాదు. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో లక్షణావృత్తికి మూడు షరతులు పెట్టాడు. మొదటిది, మాటకున్న మామూలు అర్థం పొసగకపోవాలి. కేపీహెచ్‌బీ నుంచి సికింద్రాబాదుకు పదిహేను కిలోమీటర్లు, అటూ ఇటుగా. ఐదు నిమిషాల్లో రావాలంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం కావాలి. 2018 డిసెంబరులో తొలి వందే భారత్ రైలు ట్రయల్ రన్‌లో, ఖాళీ పట్టాల మీద అందుకున్న వేగమది. మెట్రోలో వద్దామన్నా అమీర్‌పేటలో మెట్లెక్కి దిగి రైలు మారేసరికే ఆ ఐదూ అయిపోతాయి. కనుక మామూలు అర్థం పొసగదు. రెండోది, చెప్పిన అర్థానికీ ఉద్దేశించిన అర్థానికీ సంబంధం ఉండాలి. ఉంది: రెండూ కాలమే. మూడోది, రూఢి గానీ ప్రయోజనం గానీ ఉండాలి. ఇక్కడ రెండూ ఉన్నాయి. శాస్త్రంలో ‘గంగలో గొల్లపల్లె’ అన్నప్పుడు పల్లె చల్లదనం, పావనత్వం స్ఫురించడం ప్రయోజనం. ఇక్కడ బావగారు ఆటో మాట్లాడుకుని, ఇంటికొచ్చి, అక్క ముందు పంచాయితీ పెట్టకుండా ఉండటం ప్రయోజనం.

అలంకారం

అతిశయోక్తి అని పైకే తెలుస్తోంది. ఏ అతిశయోక్తి అన్నదే విచారించాలి. అప్పయ్య దీక్షితులు పదహారో శతాబ్దంలో, జయదేవుడి చంద్రాలోకం ఆధారంగా రాసిన కువలయానందంలో దీనికి ఎనిమిది భేదాలు చెప్పాడు. చివరి మూడూ కారణానికీ కార్యానికీ మధ్య కాలంతో ఆడుకునేవి.

అక్రమాతిశయోక్తిలో కారణం, కార్యం ఒకేసారి జరుగుతాయి. రాజుగారి బాణాలు వింటినారిని తాకడమూ శత్రువులు నేల కరవడమూ ఒక్కసారే. చపలాతిశయోక్తిలో కారణం ప్రస్తావనకు రాగానే కార్యం జరిగిపోతుంది. మగడు ‘వెళ్తాను’ అన్నాడో లేదో, ఇల్లాలు చిక్కిపోయి వేలి ఉంగరం ముంజేతి గాజైంది. అత్యంతాతిశయోక్తిలో కార్యమే ముందు, కారణం వెనక. అలక ముందే తీరిపోయింది, ప్రియుడు బతిమాలింది ఆ తర్వాత.

‘ఎక్కడున్నావ్’ వినగానే ‘వచ్చేశా’ పుట్టింది కనుక చపలమని ఒక పక్షం. అది నిలవదు. ఇక్కడ చేరుకోవడం ముందు జరిగింది, బయల్దేరడం ఇంకా జరగవలసి ఉంది. కనుక అత్యంతాతిశయోక్తే సిద్ధాంతం.

అతిశయోక్తి అలంకారాలన్నిటిలో ఉత్తమమని కావ్యాదర్శంలో దండి అన్నాడు. లోకమర్యాద దాటి చెప్పాలనే కోరికే దాని లక్షణం. అయితే అదే గ్రంథం మొదటి పరిచ్ఛేదంలో, లోకం ఒప్పేంతవరకే చెప్పడాన్ని ‘కాంతి’ అని మెచ్చి, హద్దు మీరినదాన్ని ‘అత్యుక్తి’ అని గౌడుల ఖాతాలో వేశాడు. నాయిక ఇంతగా వికసిస్తుందని ఊహించక బ్రహ్మ ఆకాశాన్ని చిన్నదిగా చేశాడనడం అందుకాయన చూపిన మచ్చు. హద్దు ఎక్కడన్నది వినేవాడి చేతిలో ఉంది. బావగారు ఐదును వెంటనే పద్దెనిమిదితో గుణించుకుని పక్కనున్న టీ కొట్టు వైపు నడిచారంటే, ఆయన సహృదయుడు, వాక్యం కావ్యం.

ఉదాహరణాంతరాలు

మనుచరిత్రలో పెద్దన ప్రవరుడికి సిద్ధుడి చేత పాదలేపం ఇప్పించాడు. రెప్పపాటులో హిమాలయం చేరాడు. అక్కడ మంచులో పసరు కరిగిపోయి, ఇంటికి దారేదని వరూధినిని అడగవలసి వచ్చింది. ఈ అతిశయం కవిది, కథ నడవడానికి వాడుకున్నది. పసరు కరగకపోతే ప్రబంధం లేదు.

గురజాడ ‘కన్యాశుల్కం’లో (1897) అతిశయోక్తి కవి చేతిలోంచి పాత్ర నోట్లోకి మారింది. పూనాలో మూడు గంటలు ఏకబిగిన ఉపన్యసించి ప్రొఫెసర్లను తెల్లబోయేలా చేశానని గిరీశం చెప్పుకుంటాడు. వెంకటేశం పూర్తిగా నమ్ముతాడు. ప్రేక్షకుడు పూర్తిగా తరుగు తీస్తాడు. ఆ ఇద్దరి లెక్కల తేడాలోంచే నవ్వు పుడుతుంది. మన బావమరిది ప్రవరుడి వంశంవాడినని అనుకుంటాడు గానీ, శాఖ గిరీశానిది.

పాఠాంతరాలు

‘సిగ్నల్ దగ్గరున్నా’ అని ఒక పాఠం. ఏ సిగ్నలో చెప్పకపోవడం దీని గుణం. ‘పార్కింగ్ చేస్తున్నా’ అన్నది అర్వాచీనం. వినేవాడు తల తిప్పి వెతుకుతాడు కనుక వ్యాఖ్యాతలు ఆదరించలేదు.

దోషవిచారం

ఈ మధ్య బావలు ‘లైవ్ లొకేషన్ పెట్టు’ అంటున్నారు. ప్రత్యక్షప్రమాణం ఎదుట లక్షణ నిలవదు. నీలిచుక్క కేపీహెచ్‌బీలో కదలకుండా ఉన్నప్పుడు అదే వాక్యం అత్యుక్తి కూడా కాదు, అచ్చమైన బొంకు. అందుకే ఆలంకారికులైన బావమరుదులు ఆ క్షణంలో ఫోన్‌లో చార్జింగ్ లేదంటారు. అది వేరే ప్రకరణం.

తాత్పర్యం

ఓ బావా! నేనింకా స్నానం చేయలేదు. బండి తాళం ఎక్కడ పెట్టానో వెతకాలి. గంటన్నర పడుతుంది. జాడీ కింద పెట్టి ఇంకో టీ తాగు, నిమిషానికోసారి ఫోన్ చేయకు, ఈ సంగతి అక్కకు చెప్పకు అని భావం.