ఒక సర్వరు ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకొంటున్నది హైదరాబాదులోని ఒక మందుల కంపెనీలో, ర్యాక్ అనే ఇనుప చట్రంలో బిగించి ఉన్న సర్వరు. తన పేరు మీద ఏటా నిజంగా ఎంత ఖర్చవుతున్నదో, ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడవలసినదో తేల్చడమే తన జీవితకథలో ముఖ్యభాగమని అది భావిస్తుంది.

కొన్ననాడు ఆస్తుల రిజిస్టరులో దాని విలువ 4 లక్షల రూపాయలుగా నమోదయింది. 2013 నాటి కంపెనీల చట్టం రెండవ షెడ్యూలు సర్వర్లకు 6 ఏళ్ళ ఆయుష్షు నిర్ణయించినందున, ఆ విలువను ఏటా కొంతకొంతగా ఖర్చులో చూపడం, అనగా తరుగుదల రాయడం, మొదలయింది. ఖరీదుకు సంబంధించినంతవరకు లెక్క అంతే. అయితే ఆ అంకె దగ్గరే ఆగిపోయినవారికి ఈ యంత్రం సంగతి సగం కూడా తెలియదు.

దాని వెనుకవైపు రెండు పవర్ సప్లైలు ఉన్నాయి. ఒక తీగ ఒక యూపీఎస్‌కు, రెండవది మరో యూపీఎస్‌కు పోతాయి. ఒకటి ఆగినా పని ఆగకుండా ఉండేందుకు చేసిన ఈ ఏర్పాటులో ప్రతి యూపీఎస్ సగం భారంతోనే నడుస్తుంది, అయినా దాని బ్యాటరీలు కాలం తీరగానే మార్చవలసిందే. ఫ్యాన్లు వెనుకకు తోసే వేడిగాలిని తీసివేసేందుకు ఏసీలు రాత్రింబవళ్ళు తిరుగుతాయి. ఇలా సర్వర్లను ఉంచే డేటా సెంటరు మొత్తం వాడిన విద్యుత్తును కంప్యూటర్ పరికరాలు వాడిన విద్యుత్తుతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని పీయూఈ అంటారు. 2007లో ది గ్రీన్ గ్రిడ్ అనే పరిశ్రమల కూటమి దీనిని ప్రచారంలోకి తెచ్చింది. సర్వరు సగటున 400 వాట్లు తీసుకుంటే ఏడాదికి 3,504 యూనిట్లు అవుతాయి; ఆ నిష్పత్తి 1.6 అయితే అది 5,606 యూనిట్లకు చేరుతుంది, యూనిట్‌కు 8 రూపాయల చొప్పున దాదాపు 45 వేల రూపాయలు. ఈ సొమ్ము భవనం కరెంటు బిల్లులో కలిసిపోయి ఐటీ విభాగం పద్దులో కనిపించకపోవడం చాలా చోట్ల జరిగేదే. ఇది చిన్న లోపం కాదు.

దీనికి తోడు ప్రాసెసరులోని కోర్ల సంఖ్యను బట్టి కట్టే లైసెన్సు రుసుములు, ఏఎంసీ అనే వార్షిక నిర్వహణ ఒప్పందం, బ్యాకప్, అర్ధరాత్రి ప్యాచ్‌లు వేసే ఉద్యోగుల జీతంలో వాటా ఉన్నాయి.

అన్నిటికన్నా క్లిష్టమైనది పంపకం. ఈ సర్వరు 16 వర్చువల్ యంత్రాలను, అనగా ఒకే యంత్రంలో సాఫ్ట్‌వేరు సృష్టించిన విడివిడి కంప్యూటర్లను, మోయగలదు. కాని వాడుకలో ఉన్నవి 6. ఏటి ఖర్చు 4,80,000 రూపాయలనుకుంటే, లెక్కల విభాగం దానిని 6తో భాగించి ఒక్కొక్కదానికి 80,000 వసూలు చేసింది. ధర ఎక్కువని నాణ్యతా పరీక్షల విభాగం తన 2 యంత్రాలను బయటి క్లౌడ్‌కు తరలించగా, మిగిలిన నాలుగింటిలో ఒక్కొక్కదాని మీద 1,20,000 పడింది. సర్వరు చేసే పని తగ్గింది తప్ప ఖర్చు ఏమంత తగ్గలేదు. వాడని సామర్థ్యపు ఖర్చును వాడినవారి మీద వేయరాదని 1915లోనే అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ ఫ్యాక్టరీల విషయంలో వాదించాడు. ఆ ప్రకారం 16తో భాగిస్తే ఒక్కొక్క యంత్రానికి 30,000 మాత్రమే పడుతుంది. ఆ నాలుగింటికీ కలిపి పడే 1,20,000 పోగా మిగిలే 3,60,000 రూపాయలు ఖాళీ సామర్థ్యపు ఖర్చుగా వేరే వరుసలో నిలుస్తాయి, అప్పుడు అంత పెద్ద యంత్రాన్ని కొనాలని నిర్ణయించినవారే దానికి జవాబు చెప్పవలసి ఉంటుంది. ఈ ఒక్క వరుస లేని నమూనాను ఖర్చుల నమూనా అనడం తగదని ఈ సర్వరు నిశ్చితాభిప్రాయం.

దాని ఆయుష్షు ఇప్పుడు చివరి ఏడాదిలో ఉన్నది. డిస్కుల్లోని సమాచారాన్ని తిరిగి రాబట్టలేనట్లు చెరపడం, డేటాను కొత్త యంత్రానికి తరలించే వారాలలో రెండింటినీ కలిపి నడపడం, 2022 ఈ-వ్యర్థాల నిబంధనల మేరకు నమోదైన రీసైక్లరుకు అప్పగించడం, ఇవన్నీ ఈ ఏటి పద్దులోకే రావాలి.