నన్ను బ్రాయిలర్ కోడిగా గుర్తించాలని మనవి

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రివర్యులకు,

ఆర్యా,

మొన్న మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆసుపత్రికి వెళ్లాను. కల్చర్ రిపోర్టులో పన్నెండు మందుల పేర్లుంటే, ఎనిమిదింటి పక్కన 'ఆర్' అని ఉంది. ఏదో ర్యాంకు అనుకుని మురిసిపోయాను. ఆర్ అంటే రెసిస్టెంట్ అట! వాటిలో సిప్రోఫ్లాక్సాసిన్ కూడా ఉంది. నేను జన్మలో ఆ మాత్ర మింగలేదు.

మా ఊరి షెడ్లలో కోళ్లు మాత్రం ఎన్రోఫ్లాక్సాసిన్ నీళ్లలో తాగుతాయి. అది వాటి ఒంట్లోకి వెళ్లాక కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది. నా మందుకు మారుపేరు పెట్టి తాగుతున్నాయన్నమాట. నా జబ్బుకి ఆ కోళ్లే కారణమని నేననను, అంత రుజువు నా దగ్గర లేదు. అమెరికా మాత్రం 2005లోనే కోళ్లకు ఆ మందు మాన్పించింది.

కోలిస్టిన్ కథ ఇంకా చిత్రం. కిడ్నీలు పాడవుతాయని డాక్టర్లు అటకెక్కించిన మందు అది. తర్వాత వచ్చినవి చేతులెత్తేశాక, ఐసీయూ రోగుల కోసం మళ్లీ దించారు. ఈలోగా దాన్ని కోళ్లు త్వరగా బరువెక్కడానికి దాణాలో కలిపారు. 2015లో చైనా శాస్త్రవేత్తలు ఆ మందుకు లొంగని జన్యువును పందుల్లో, పచ్చి మాంసంలో, రోగుల్లో కూడా కనుగొన్నారు. 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం కోళ్లకూ చేపలకూ దాన్ని నిషేధించింది. సంతోషం. కానీ గెజిట్ మందుల షాపువాడు చదువుతాడు, బ్యాక్టీరియా చదవదే!

ఆ జన్యువు ప్లాస్మిడ్ మీద ఉంటుంది. ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి దాన్ని పక్కింటికి తోడు ఇచ్చినట్టు ఇస్తుంది. ఇచ్చినవాళ్ల పెరుగు తరగదు, పుచ్చుకున్నవాళ్ల గిన్నె తెల్లారేసరికి తోడుకుంటుంది. కూర ఉడికితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, సరే. కోసిన చెక్క, కడిగిన చెయ్యి, పొలానికి తోలిన కోళ్ల పెంట ఉడకవు కదా.

రైతును తిట్టలేను. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు తెచ్చేది సూపర్‌వైజరు. మోర్టాలిటీ పెరిగితే కోత మాత్రం రైతుకి. పది కోళ్లు తలలు వాలిస్తే షెడ్డు మొత్తానికీ మందు కలిపేస్తాడు మరి.

కనుక నన్ను కోడిగా గుర్తించి, దగ్గు రాకముందే నీళ్లలో మందు అందేలా ఆదేశించ ప్రార్థన. అది కుదరకపోతే, కోళ్లకూ డాక్టరు చీటీ అడగండి.

ఇట్లు,
తమ విధేయుడు

జతపరచినవి: కల్చర్ రిపోర్టు నకలు, ఆధార్ నకలు. బరువు 82 కిలోలు, కాబట్టి ఎదుగుదల మందు అక్కర్లేదు.